టెలివిజను నాటకములు - మన యిండ్లలో ఎదుగుచున్న పిల్లలు



సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు గ్రామములలో నలుగురు వృద్ధులు కూడిన చోట ఒక మాట తరచుగా వినవచ్చుచున్నది. "టీవీ నాటకములు చూచి మా పిల్లలు పాడగుచున్నారు. పదునాలుగేండ్ల పిల్ల అత్త యనగా రాక్షసి యనుకొనుచున్నది. పదునారేండ్ల పిల్లవాడు ఇంటివారి మాటల వెనుక కుట్రలు వెదకుచున్నాడు" అని వారందురు. ఈ మాటలో కొంత సత్యము కలదు. కొంత తొందరపాటును కలదు. ఏది యెంత యని తేల్చుటకు చరిత్రను కొంచెము తిరుగవేయవలెను. ఈ టెలివిజను పెట్టె మన సీమకు ఎట్లు వచ్చినది, మొదట ఎచ్చట కూర్చుండినది, అచ్చటినుండి ఎచ్చటికి కదలినది అను మూడు సంగతులు తెలిసినచో, పిల్లల మనస్సులలో జరుగుచున్నది మనకు చాలవరకు బోధపడునని నా నమ్మకము.

నాటకము కుటుంబమును గూర్చి పాఠము చెప్పుట మనకు కొత్త కాదు. చిందు భాగవతులు, ఒగ్గుకథకులు, యక్షగానపు మేళములవారు తరతరములుగా మన యూళ్లలో ఆడిరి. ఆలుమగల యెడబాటు, సవతితల్లి పోరు, అన్నదమ్ముల పొరపొచ్చెములు, అత్తింట కోడలి కష్టములు వారి కథలలో నిండుగా నుండెడివి. విజయనగరమున 1892లో ప్రదర్శింపబడిన గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' పసిపిల్లలను ముసలివారికి అమ్ముకొను దురాచారమును జనుల యెదుట నిలువదీసినది. కాళ్లకూరి నారాయణరావుగారి 'వరవిక్రయము' కట్నమును అట్లే నిలువదీసి, 1939లో చలనచిత్రముగా కూడ వచ్చినది. ఆనాటి పిల్లలును ఈ యాటలను తెల్లవార్లు చూచినవారే. ఐతే వారు తాత పక్కన, తల్లి యొడిలో కూర్చుండి చూచిరి. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు కథ నడుపుచుండగా, పక్కవాడు అడ్డుమాటలు వేయును, హాస్యమాడును, కథకుని నిలిపి ప్రశ్నించును. మరునాడు కల్లమువద్దను, బావివద్దను ఆ కథమీద తర్కము సాగును. రాణి చేసినది తప్పా, రాజు చేసినది తప్పా యని పెద్దలు వాదించుకొనుచుండగా పిల్లలు వినెడివారు. నాటకము నేర్పినది ఒక పాలైనచో, దానిమీది మాట నేర్పినది రెండు పాళ్లు. ఈ సంగతిని మీరు మనస్సున నుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను. ముందు దీనితో పని కలదు.

ఇక టెలివిజను కథ. ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15వ తేదీన ప్రయోగరూపమున మొదలైన టెలివిజను చాలకాలము పెద్ద పట్టణములవారి వస్తువుగానే యుండెను. అట్టి కాలమున అది నగరములను దాటి నేరుగా మన మెదకు జిల్లా పల్లెలకు వచ్చినదన్న సంగతి నేటి పిల్లలలో పెక్కుమంది యెరుగరు. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జూలై 31వ తేదీవరకు ఒక యేడాదిపాటు ఉపగ్రహముద్వారా బోధనాప్రసారముల ప్రయోగము జరిగినది. దానిని ఇంగ్లీషు పేరులోని తొలియక్షరములనుబట్టి 'సైట్' అనిరి. డాక్టర్ విక్రమ్ సారాభాయి ఈ యూహకు మూలపురుషుడు. ఆయన చొరవతో 1969లో అమెరికా అంతరిక్ష సంస్థయైన నాసాతో ఒడంబడిక కుదిరినది. ఆయన 1971 డిసెంబరులో గతించుటచే ఆ ఫలమును కన్నులార చూడలేదు. నాసావారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహమును ఆ యేడాదికి మనకు ఎరువిచ్చిరి. ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములను ఎన్నుకొనిరి. నాటి ఆంధ్రప్రదేశమున ఎన్నుకొనిన ప్రాంతములలో మెదకు జిల్లా యొకటి. ఆ జిల్లాకు ముఖ్యపట్టణము సంగారెడ్డియే.

ఆ పెట్టెలను హైదరాబాదులోని ఎలక్ట్రానిక్సు కార్పొరేషనువారు తయారుచేసిరి. కోళ్లగూటికి చుట్టు జాలివంటి తీగెవలతో సుమారు పదడుగుల వెడల్పు గొడుగును చేసి, దానిని ఆకాశమువైపు త్రిప్పి నిలిపెడివారు. ఉదయము బడిలో చిన్నపిల్లలకు పాఠములు, సాయంకాలము ఊరందరికి వ్యవసాయము, ఆరోగ్యము, కుటుంబనియంత్రణము, ఆటపాటలు ప్రసారమగుచుండెను. ఒకే చిత్రమునకు రెండు భాషల ధ్వనిని జోడించి పంపు నేర్పు కూడ ఆ యేర్పాటులో నుండెను. పెట్టె ఎవరి సొంత యింటను లేదు. అది బడిలోనో, పంచాయతీ కచ్చీరులోనో యుండి ఊరందరిదిగా నుండెను. మొదట జనము విరుగబడి వచ్చిరి. కొన్నాళ్లకు వింత తగ్గి, ఇష్టమున్నవారు మాత్రము వచ్చుచుండిరి. ఆ ప్రయోగమును పరిశీలించినవారు చదువురానివారును, స్త్రీలును దానివలన ఎక్కువగా లాభము పొందిరని వ్రాసిరి. గడువు తీరగానే ఉపగ్రహమును నాసావారు మరల తీసికొనిరి. ఆకాశమునుండి వచ్చినది ఆకాశమునకే పోయినను, ఊరందరు కూడి ఒక తెరను చూచి, అచ్చటనే దానినిగూర్చి మాటలాడుకొనుట యను అనుభవము ఆ గ్రామములకు మిగిలినది.

సరిగా ఆ కాలముననే మన ప్రాంతపు కుటుంబము లోలోపల మారుచుండెను. రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్సు కర్మాగారము 1960వ దశకమున లేచినది. పటాన్‌చెరువద్ద మెట్టపంటల పరిశోధనకై అంతర్జాతీయ సంస్థ యైన ఇక్రిశాటు 1972లో వెలసినది. పరిశ్రమలకు స్థలములు, రోడ్లు, నీరు సమకూర్చు ప్రభుత్వ కార్పొరేషను 1973లో ఏర్పడిన పిమ్మట పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము వరుసగా ఫ్యాక్టరీలతో నిండిపోయినవి. ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము 1980వ దశకమున వచ్చినది. పొలము దున్ను కుటుంబములో తండ్రి పని కొడుకు కంటికెదుట జరుగును. నాగలి పట్టుట, నాటు వేయుట, కలుపు తీయుట, పంటను పంచుకొనుట పిల్లలు చూచి నేర్చుకొందురు. ఫ్యాక్టరీ గేటు లోపల తండ్రి యేమి చేయునో పిల్లవానికి కనబడదు. అతడు రాత్రి షిఫ్టుకు పోయి ప్రొద్దున వచ్చి పండుకొనును. తల్లి మందుల కంపెనీలోనో ప్యాకింగు షెడ్డులోనో పనికి పోవును. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశములనుండి వచ్చిన కుటుంబములు ఒక్కొక్క గదిలో కాపురముండును. అవ్వ, తాత వేరే యూళ్లలో నుందురు. ఈ విధముగా ఇంట మాటలాడువారు తగ్గిన వేళనే ఇంటిలోనికి మాటలాడు పెట్టె వచ్చినది. ఈ రెండును ఒకే కాలమున జరుగుట యాదృచ్ఛికమే కావచ్చును. దాని ఫలితము మాత్రము గట్టిది.

హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము 1977లో సైట్ ప్రయోగమునకు కొనసాగింపుగా నెలకొల్పబడినది. అటుపై 1982లో రంగుల ప్రసారము వచ్చినది. 1984లో దేశమంతట ప్రసారకేంద్రములు కొన్ని మాసములపాటు సుమారు దినమున కొకటి చొప్పున తెరువబడినవి. ఆ సంవత్సరము జూలై 7వ తేదీన 'హమ్ లోగ్' అను హిందీ ధారావాహిక మొదలైనది. కుటుంబజీవనమును తెరకెక్కించి జనులకు బోధ చేయవలెనను సంకల్పముతో మనదేశమున వచ్చిన తొలి సీరియలు ఇదియే. మెక్సికో దేశమున మిగెల్ సబీదో అను నతడు ఇట్టి బోధనాటకములను టెలివిజనులో నడిపి, చదువురాని పెద్దలను రాత్రిబడులకు రప్పించెను. ఆ మార్గమును మనవారు అనుసరించిరి. మనోహర్ శ్యామ్ జోషీ దీనిని వ్రాసెను. ఒక మధ్యతరగతి కుటుంబపు కథ అది. త్రాగుబోతు తండ్రి, నోరెత్తని తల్లి, పెండ్లికెదిగిన కూతుండ్రు, ఉద్యోగములేని కొడుకు అందలి పాత్రలు. 1985 డిసెంబరువరకు 150కి పైగా భాగములు నడచినవి.

దీనిలో రెండు సంగతులు మనకు ముఖ్యములు. మొదటిది: ప్రతి భాగము చివర ప్రఖ్యాత నటుడు అశోక్ కుమార్ తెరమీదికి వచ్చి, జరిగిన దానిని గూర్చి రెండు మాటలు చెప్పి, చూచువారిని ఆలోచింపుడని యడిగెడివాడు. ఆయనకు లక్షలకొలది ఉత్తరములు వచ్చినవి. వానిలో చాలవరకు యువతీయువకులు వ్రాసినవే. ఒగ్గుకథలోని పక్కవాని స్థానమున ఇచట ఒక పెద్దమనిషి నిలిచెనన్నమాట. రెండవది మరింత విచిత్రము. సహనముతో అన్నియు భరించు తల్లి పాత్రను రచయితలు ఒక హెచ్చరికగా చూపదలచిరి; 'ఇట్లు అణగియుండరాదు' అని వారి భావము. కాని పరిశోధకులు పిమ్మట విచారింపగా, పెక్కుమంది ఆ తల్లినే ఆదర్శముగా నెంచిరని తేలినది. చెప్పినది ఒకటి, విన్నది మరియొకటి. పిల్లవాడు ఖాళీ కుండ కాడు. తన యింటినుండి తెచ్చుకొనిన భావములతోనే తెరను చూచును. కాబట్టి 'సీరియలు చూచి చెడిపోయినాడు' అని యనుటకు ముందు, చూచుటకు పూర్వము వాని మనస్సులో మనమేమి యుంచితిమని కూడ విచారింపవలెను.

1987 జనవరి 25వ తేదీన రామానంద్ సాగర్ తీసిన 'రామాయణ్' మొదలైనది. 1988 అక్టోబరు 2న బి.ఆర్. చోప్రా తీసిన 'మహాభారత్' మొదలై 1990వరకు సాగినది. అప్పటికి పల్లెలలో ఏ కొద్ది యిండ్లలోనో పెట్టె యుండెను. ఆదివారము ఉదయమున ఆ యింటి వాకిట ఊరే కూర్చుండెడిది. పెట్టె కచ్చీరును వదలి ఒకరి యింటికి చేరినను, చూచుట మాత్రము ఇంకను పదిమందితోనే జరిగినది. కైక తప్పును గూర్చి, ధర్మరాజు జూదమును గూర్చి అవ్వలు అక్కడికక్కడే తీర్పులు చెప్పుచుండిరి.

1990వ దశకమున కథ మారినది. ఉపగ్రహ ఛానళ్లు వచ్చినవి. తెలుగులో 1995లో జెమిని టీవీయు, ఈటీవీయు మొదలైనవి. తరువాత మా టీవీ, జీ తెలుగు వచ్చినవి. కేబులు తీగె ఇంటింటికి చేరినది. యద్దనపూడి సులోచనారాణిగారి నవల ఆధారముగా మంజులా నాయుడుగారు తీసిన 'ఋతురాగాలు' దూరదర్శనులో తెలుగు లోగిళ్లను ఆకర్షించినది. ఆమెయే తరువాత జెమినిలో 'చక్రవాకం', 'మొగలిరేకులు' తీసిరి. ఇవి ఏండ్లకొలది నడచిన కథలు. వీనిని చూచుచు పెరిగిన పిల్లలే నేడు తల్లిదండ్రులైనారు. వారి పిల్లలు 2017 మొదలు 2023వరకు నడచిన 'కార్తీకదీపం' చూచుచు పెరిగిరి. అనగా మన ప్రాంతమున సీరియలు నీడలో పెరిగిన రెండవ తరము ఇప్పుడు ఇంటర్మీడియటు చదువుచున్నది.

ఈ నాటకములు ఎందుకింత పొడుగు? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో సగము చిక్కు విడిపోవును. 1930లో అమెరికాలోని షికాగో నగరమున ఇర్నా ఫిలిప్స్ అను రచయిత్రి రేడియోకై దినదినము నడచు కుటుంబ కథను మొదలుపెట్టెను. అట్టి కథలకు సబ్బుల కంపెనీలవారు ప్రకటనల సొమ్మిచ్చిరి. అందుచే వానికి 'సబ్బు నాటకములు' అను పేరు స్థిరపడినది. నేటి మన సీరియలు ఆ వంశములోనిదే. చూచువారి సంఖ్యను వారమువారము లెక్కించి టి.ఆర్.పి. అను అంకె వేయుదురు. ఆ అంకెనుబట్టి ప్రకటనల ధర పెరుగును, తరుగును. అత్తాకోడండ్ర తగవు సోమవారము మొదలై శుక్రవారము తీరినచో శనివారము చూచువాడెవడు? కావున తగవు తీరరాదు. తీరబోవు క్షణమున ఎవరో చాటున వినవలెను, ఒక ఉత్తరము మాయము కావలెను, ఒక ఫోను తప్పుచేతిలో పడవలెను. మన యూరి పెద్దమనుషులు ఒక రాత్రి కూర్చుండి తీర్పగల తగవును సీరియలు మూడేండ్లు సాగదీయును. అందలి మనుషులు దుర్మార్గులగుటచే కాదు, తగవు తీరినచో వ్యాపారము తీరును గనుక అట్లు సాగును.

ఇట్టి కథలను దినదినము చూచు పిల్లలేమి నేర్చుకొందురు? నాకు తోచినంతవరకు మూడు సంగతులు చెప్పెదను.

మొదటిది, తగవు మాటతో తీరదను భావము. సీరియలులో నిజము తెలిసినవాడు నోరు తెరువడు. 'ఈ మాట చెప్పినచో అపార్థము పోవును గదా' అని మనము కూర్చున్నచోటనే కేకలు వేయుదుము. ఐనను ఆ పాత్ర చెప్పదు. అనుమానించుట, చాటుగా వినుట, మనస్సులో పెట్టుకొనుట కుటుంబపు సహజధర్మములని చూచు పిల్లకు తోచును. ఇంటి గుట్టు లంకకు చేటని పెద్దలనిరి. ఇంటిలోనివారే ఒకరినుండి యొకరు గుట్టు దాచుట అంతకంటె చేటు.

రెండవది, స్త్రీయే స్త్రీకి శత్రువను భావము. అత్త, ఆడుబిడ్డ, తోడికోడలు వీరిలో ఎవరో యొకరు విషము కలుపుచునే యుందురు. పురుషులు ఏమియు తెలియని అమాయకులై మేడమెట్లు దిగుచుందురు. నిజమైన యిండ్లలో కోడలి కష్టమునకు అత్త నోరు మాత్రమే కారణము కాదు. కట్నపు బాకీ, మగని త్రాగుడు, చాలని కూలి, ఇరుకు గది కారణములు. అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లు, ఈ కథలు సమాజపు దోషమును తెచ్చి ఒక స్త్రీ తలమీద పెట్టును. పెండ్లి కాకముందే మన బాలికలు అత్తింటిని యుద్ధరంగముగా నూహించుకొనుట కిది మూలము.

మూడవది, కష్టము కనబడని కుటుంబము. తెరమీది యింటికి పాలరాతి నేల, రెండువైపుల మెట్లు, పట్టుచీరలు కట్టి వంటింట నిలుచు స్త్రీలు ఉందురు. ఇంటి యజమానికి 'కంపెనీ' యొకటి యుండును. అచ్చట ఏమి తయారగునో, ఎవరు పని చేయుదురో ఎవరును చెప్పరు. మన నక్కవాగు నీటిని పరిశ్రమల వ్యర్థములు పాడుచేసినవని 1990లోనే వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయినది. సీరియలు యజమాని కంపెనీకి పొగగొట్టము కూడ కనబడదు. కొన్నాళ్లక్రింద ఇస్నాపురము దగ్గరి యొక యింట పదునైదేండ్ల బాలికతో మాటలాడితిని. ఆమె తాను చూచు కథలో ఎవరు ఎవరితో ఎప్పుడు అబద్ధమాడిరో వరుసగా చెప్పగలిగెను. 'మీ యమ్మ పనిచేయు కంపెనీలో ఏమి చేయును?' అని యడిగితిని. 'పొద్దున షిఫ్టు' అని మాత్రము చెప్పినది. తల్లి రోజుకు ఎనిమిది గంటలు నిలుచుండి సీసాలకు మూతలు బిగించునన్న సంగతి ఆమె కప్పుడు తల్లియే చెప్పగా తెలిసినది. బాలిక కొంతసేపు తల్లి చేతులవైపు చూచి యూరకుండెను. పిల్ల నిందింపదగినది కాదు. తెరమీది కుటుంబము దినమున కర్థగంట తన కథ చెప్పుకొనుచున్నది. మన కుటుంబములు తమ కథ చెప్పుకొనుట మానినవి.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి టెలివిజను కేవలము కీడే చేసినదని తలచినచో న్యాయము కాదు. రాబర్ట్ జెన్సన్, ఎమిలీ ఆస్టర్ అను ఇద్దరు అర్థశాస్త్రజ్ఞులు మనదేశమున బీహారు, గోవా, హర్యానా, తమిళనాడు, ఢిల్లీ ప్రాంతములలో 2001 మొదలు 2003వరకు జరిగిన గ్రామ విచారణలను పరిశీలించి 2009లో ఒక వ్యాసము ప్రకటించిరి. కేబులు టీవీ వచ్చిన పల్లెలలో భార్యను కొట్టుట తగునని చెప్పు స్త్రీల సంఖ్య తగ్గినదనియు, కొడుకే కావలెనను పట్టు సడలినదనియు, ఇంటి నిర్ణయములలో స్త్రీలకు మాట పెరిగినదనియు వారు కనుగొనిరి. బ్రెజిలు దేశమున ఇట్టివే మరి కొందరు పరిశోధకులు 2012లో ప్రకటించిరి. ఆ దేశమున స్త్రీ యొక్కతెకు సగటున కలుగు సంతానము 1960లో 6కు మించియుండగా 2000 నాటికి 2.3కు దిగినది. చిన్న కుటుంబములను చూపు అచ్చటి టెలివిజను కథలు అందిన ప్రాంతములలో స్త్రీల సంతానము తగ్గినదని వారు చూపిరి. ఎవరును ఉపన్యాసము చెప్పలేదు. చిన్న కుటుంబము సుఖముగా బ్రతుకుచున్నట్లు చూపిరి, అంతియే.

మన యింటి యుదాహరణము కూడ కలదు. రాజస్థానమున జరిగిన బాల్యవివాహపు కథగా 2008లో హిందీలో మొదలైన 'బాలికా వధు' తెలుగు మాటలతో 'చిన్నారి పెళ్లికూతురు' అను పేర మా టీవీలో వచ్చినది. బాల్యవివాహమును నిషేధించు చట్టము 1929లోనే శారదా చట్టముగా పుట్టినది. 2006లో మరింత గట్టిదైనది. చట్టము పుస్తకములో నుండును. చిన్నపిల్ల మెడలో తాళి పడినప్పటి దుఃఖము తెరమీద నుండును. 2014లో తెలంగాణ ప్రభుత్వము పెట్టిన కల్యాణలక్ష్మి సహాయమునకు వధువునకు పదునెనిమిదేండ్లు నిండియుండవలెనను నియమము కలదు. చట్టము, సహాయము, కథ మూడును ఒకే మాట చెప్పినప్పుడు 'నాకింకను చదువుకొనవలెనని యున్నది' అని నోరు తెరచుటకు పదవ తరగతి బాలికకు కొంత బలము కలుగును. 'కార్తీకదీపం'లో నల్లని మేనిఛాయగల స్త్రీ నాయిక యగుట అట్లే కొందరు బాలికలకు ఊరట. ఆ కథయే భర్త యనుమానమును ఏండ్లకొలది సాగదీసినది. ఒకే పాత్రలో మందును, మత్తును కలిపి పోసినట్లున్నది. వేరుచేయువాడు పక్కన లేనిచో పిల్ల రెంటిని కలిపియే త్రాగును.

ఆ వేరుచేయువాడు ఇప్పుడెక్కడ? పెట్టె కదలిన దారిని మరల తలచుకొనుడు. 1975లో అది కచ్చీరులో నుండెను. 1987లో ఒకరి వాకిట నుండెను. 2000 నాటికి నట్టింట నిలిచినది. 2016 తరువాత అగ్గువ ఇంటర్నెట్టుతో అది పిల్లవాని అరచేతిలోనికి, దుప్పటి క్రిందికి పోయినది. ఒక్కొక్క మెట్టు దిగుకొలది పక్కన కూర్చున్నవారు ఒక్కొక్కరు తగ్గిరి. మొదట ఊరు పోయినది, పిమ్మట వాడ పోయినది, కడకు అవ్వ, తాత, తల్లి, తండ్రి కూడ పోయిరి. కథ చెప్పువాడు మిగిలినాడు; అడ్డుమాట వేయువాడు లేకపోయినాడు. 2020లో కరోనా నిర్బంధమున మార్చి 28 మొదలు దూరదర్శను పాత 'రామాయణ్'ను మరల ప్రసారము చేసినప్పుడు అనేక గృహములలో మూడు తరములవారు ఒకచోట కూర్చుండి చూచిరి. ఆ కొద్ది దినములు మనము పోగొట్టుకొన్నదేదో కొంత జ్ఞాపకము చేసినవి.

దీనికి మందు లేకపోలేదు. మన జిల్లాలోనే జహీరాబాదువైపు మాచునూరు గ్రామమున 2008 అక్టోబరు 15వ తేదీన సంఘం రేడియో మొదలైనది. దళిత స్త్రీలు, చిన్నకమతపు వ్యవసాయ స్త్రీలు తామే మాటలు కూర్చి, తామే ప్రసారము చేయు రేడియో అది. విత్తనములు, తిండి, పండుగలు, పాటలు, ఇంటి కష్టసుఖములు వారి నోటనే వచ్చును. మన జీవితమును చెప్పుటకు ముంబాయినుండియో, హైదరాబాదు స్టూడియోనుండియో ఎవరో రానక్కరలేదని వారు నిరూపించిరి. తన తల్లి కంఠమును రేడియోలో విన్న పిల్ల తన యింటి కథ కూడ కథయే యని తెలిసికొనును.

అందరును రేడియో పెట్టలేరు. పెద్దలు చేయగల పని ఇంకొకటి కలదు; అది ఖర్చులేనిది. టీవీ కట్టివేయుడని నేను చెప్పను. కట్టివేసినచో పిల్లవాడు ఫోను తెరచును. వానితో కూర్చుండి చూడుడు. నెలకు పది దినములైన చూడుడు. తిట్టకుడు. కథ నడుమ ఒగ్గుకథలోని పక్కవానివలె ఒక అడ్డుప్రశ్న వేయుడు: 'ఈ పిల్ల నిజము చెప్పినచో ఏమగును? ఈ యిల్లు గడుచుట కెవరు కష్టపడుచున్నారు? మన యింట ఇట్టిది జరిగినచో నీవేమి చేసెదవు?' పిల్ల మొదట విసుగుకొనును. నాలుగవనాడు తానే ప్రశ్న వేయును. అత్తాకోడండ్ర కథ వచ్చినప్పుడు మీ యింటి కోడలిగా మీ తల్లి పడిన కష్టమును, మీరు పడిన కష్టమును, ఆ కష్టమెట్లు తీరినదో, ఎవరు తగ్గి తీర్చిరో చెప్పుడు. తీరిన తగవుల కథలు టెలివిజనులో లేవు. అవి మీవద్దనే యున్నవి. వానిని మీరు చెప్పక పోయినచో వేరెవ్వరును చెప్పలేరు.

బడులవారితో కూడ మాటలాడుడు. తల్లిదండ్రులు చేయు పనిని గూర్చి పిల్లలచేత ఇంట విచారించి ఒక పుట వ్రాయింపుమని అయ్యవార్లను అడుగుడు. ఏదేని కార్యక్రమము స్త్రీలను, పిల్లలను మరీ నీచముగా చూపినదని తోచినచో ఊరక గొణుగుకొనక ఫిర్యాదు చేయుడు. ప్రసారసంస్థల సంఘమువారు 2011లో ఫిర్యాదులు వినుటకు ఒక మండలిని ఏర్పాటు చేసికొనిరి. దానికి ఎవరైనను వ్రాయవచ్చును. చెప్పెడివానికి వినెడివాడు లోకువ యన్న సామెత కలదు. మారుమాట చెప్పు వినెడివాడు మాత్రము లోకువ కాడు.

పదునాలుగు, పదునారేండ్ల వయస్సు పెండ్లిని గూర్చి, మగనిని గూర్చి, తల్లిదండ్రుల ఋణమును గూర్చి మనస్సులో తొలి రేఖలు పడు కాలము. ఆ రేఖలనుబట్టియే కొన్నేండ్లకు ఒక కోడలు అత్తగారి మాటను వినును, ఒక మగడు భార్యను నమ్మును లేక అనుమానించును, ఒక కూతురు చదువు మానును లేక సాగించును. ఆ రేఖలు గీయుటలో టెలివిజనుకు ఒక చేయి యున్నది. దానిని మనము తీసివేయజాలము. రెండవ చేయి మనది. 1975లో మన జిల్లా పల్లెలలో పెట్టె ముందు కూర్చున్న బడిపిల్లలలో పెక్కుమంది నేడు అవ్వలు, తాతలు. ఊరందరితో కూడి చూచుట ఎట్టిదో తెలిసిన కడపటివారు వారే. ఆ యలవాటును మనుమలకు అప్పగించు పని వారిదే. అందుకు ఈ సాయంకాలమే అనుకూలమైన వేళ.